స్విచ్ కడ్డీకి కట్టిన తువ్వాలు

కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు మా వీధిలో పిల్లలంతా ఒక్కసారిగా కేక పెడతారు. ఎదురింటి టీవీ, పక్కింటి మిక్సీ, వీధి చివర నీళ్ల మోటారు అన్నీ కలిసి మొదలవుతాయి. మా ఇంట్లో మాత్రం ఆ కేక ఎప్పుడూ వినబడలేదు. మా అమ్మ కరెంటు పోతే భయపడేది కాదు, వస్తే భయపడేది. పోయిందంటే కొడుకు ఎక్కడో స్తంభం మీద నెమ్మదిగా పని చేసుకుంటున్నాడని అనుకునేది. వచ్చిందంటే ఎవరో స్విచ్ వేశారన్న మాట. వేసే ముందు నేను దిగానో లేదో చూశారా అన్నది ఆమె బెంగ. నేను సైకిలు గంట కొడుతూ వాకిట్లోకి వచ్చేదాకా బల్బు వేసేది కాదు, ఫ్యాను తిప్పేది కాదు. చెమట కారుతున్నా విసనకర్ర పట్టుకుని గడప మీదే కూర్చునేది. "వేసుకోరాదే అమ్మా" అంటే, "నువ్వు వచ్చినంక ఏస్త తియ్యి, ఏం తొందర" అనేది. అప్పుడు నాకు అది ముసలివాళ్ల చాదస్తంగా కనిపించేది.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో హెల్పరుగా చేరి, లైన్‌మన్ అయి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా భద్రాచలం అడవి అంచునే గడిచింది. ఇప్పుడు చండ్రుగొండలో చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నాను. నా ఒక్కగానొక్క కూతురు రూతు ఇంజనీరింగ్ చదివి అదే డిపార్ట్‌మెంటులో అసిస్టెంట్ ఇంజనీర్ అయింది. దానికి వచ్చిన సెక్షన్ కూడా అడవి అంచుదే. నేను ఎక్కిన స్తంభాల్లో కొన్ని ఇప్పుడు దాని మనుషులు ఎక్కుతున్నారు. ఆ సెక్షన్ పేరు ఇక్కడ రాయను, అక్కడ పనిచేసేవాళ్లు ఇబ్బంది పడకూడదు.

మొన్న ఆదివారం రూతు మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. ఎండుచేపల పులుసు, చింతచిగురు పప్పు వండాను. మా ఆవిడ పోయినప్పటి నుంచి వంట నాదే. కంచం ముందు కూర్చుని కూడా అది ఫోనును నీళ్ల జగ్గుకు ఆనించి పెట్టుకుంది. ముద్ద నోట్లో పెట్టుకోవడం, ఫోను వైపు చూడటం. దాని మీద మ్యాపు, మ్యాపు మీద నీలం చుక్కలు.

"ఏందమ్మా అది?"

"మా వాళ్లు నాన్న. ఎవరు ఏడ ఉన్నరో కనపడతది."

"కదలకపోతే?"

"ఎందుకు కదలలేదని ఫోన్ చేస్త."

"కదిలితే?"

"ఎందుకు కదిలినవని చేస్త."

నేను నవ్వాను. అది నవ్వలేదు. దాని కళ్ల కింద నల్లగా ఉంది. కూర కలుపుతూ చెప్పుకొచ్చింది. ఎండాకాలంలో దాని మనిషి ఒకడికి చెయ్యి కాలిందట. ప్రాణం దక్కింది కానీ రెండు వేళ్లు వంగవు. కిందివాడు చూసుకుంటాడులే అని పైవాడు, పైవాడు చూసుకున్నాడులే అని కిందివాడు అనుకోవడం వల్ల జరిగిందట. ఆ తరువాత అది కొత్త పద్ధతులు పెట్టింది. పని ముందు ఫోటో, పని తరువాత ఫోటో పంపాలి. యాప్‌లో ఇచ్చిన పని తప్ప ఇంకో పనికి పోకూడదు. చాలాకాలంగా జంటగా తిరిగే వాళ్లు ఒకడి తప్పు ఒకడు కప్పుతున్నారని వారం వారం జంటలు మార్చేసింది.

"మరి ఇప్పుడు బాగుందా?" అని అడిగాను.

"చెప్పింది చేస్తున్నరు నాన్న. చెప్పంది ముట్టరు. కొమ్మ తీగకు తగులుతున్నా యాప్‌లో లేదని చూసుకుంట పోతరు. ఇంతకు ముందు గట్ల లేకుండె. నేను భయంతోటి చేస్తున్న. వాళ్లేమో మేడమ్‌కు మా మీద నమ్మకం లేదు అనుకుంటున్నరు." ఇంకోసారి ఎవరికైనా ఏదైనా అయితే తట్టుకోలేనని అది అనలేదు గానీ నాకు వినిపించింది.

నేను చేరిన నాటి నుంచి ఒక్క రోజూ మానకుండా డైరీ రాసినవాణ్ణి. చెయ్యి కడుక్కుని అటక మీది ట్రంకు పెట్టె దింపి, చేరిన కొత్తలోని డైరీలు తీశాను. రూతుకు పనికొచ్చే మాట ఏదైనా ఉంటుందేమోనని తిరగేశాను. గాలి ఎటు కొట్టింది, ఏ లైను తెగింది, ఎంత తీగ వాడాం, ఏ స్తంభం ఒరిగింది, అన్నీ ఉన్నాయి. భయం లేదు, కోపం లేదు. ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నానో లేదు. అవి రాయదగినవని అప్పట్లో తోచలేదు. డైరీలు పక్కన పెట్టి నోటితోనే చెప్పాను.

నేను హెల్పరుగా చేరినప్పుడు నన్ను యాకూబ్ గారికి అప్పగించారు. సీనియర్ లైన్‌మన్. గోరింటాకు పెట్టిన గడ్డం, మోకాళ్ల దగ్గర అతుకులు వేసిన ఖాకీ ప్యాంటు, మెడలో ఎప్పుడూ ఎర్ర గళ్ల తువ్వాలు. మొదటి రోజే నన్ను సామేలు అనకుండా "అల్లుడా" అని పిలిచాడు, నాకు ఆయన మామ అయిపోయాడు. పొద్దున ఆఫీసుకు రాగానే రబ్బరు గ్లోవులు తీసి, అంచు చుట్టి గాలి బిగించి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఎక్కడైనా సన్నని బెజ్జం ఉంటే గాలి సుయ్యిమంటుంది. ఆయనవి చూశాక నావి కూడా చూసేవాడు. ఆ గ్లోవుల్లో చల్లే పౌడరు వాసన, ట్రాన్స్‌ఫార్మరు నూనె వాసన, తడిసిన టేకాకు వాసన కలిసి నాకు ఆ పొద్దుటి వాసనగా మిగిలిపోయాయి. గ్లోవుల పని అయ్యాక అడిగే మొదటి ప్రశ్న, "ఇయ్యాల డబ్బాల ఏమున్నది?" మా అమ్మ ఎండుచేపలు పెట్టిందంటే ఆయన ముఖం వెలిగేది. వాళ్లింటి నుంచి జొన్నరొట్టెలు, పుల్లటి కందిపప్పు వచ్చేవి. అత్త నా కోసం ఒక రొట్టె ఎక్కువ పెట్టేది. అది ఆయన తినబోతే, "ఆ రొట్టె నా పేరు మీద వచ్చింది మామా" అని గుంజుకునేవాణ్ణి.

అడవిలో లైను తెగితే పని ఇలా ఉండేది. దారిలో ఒక స్తంభానికి స్విచ్ ఉంటుంది. దాని నుంచి పొడుగాటి ఇనుప కడ్డీ కిందికి దిగి హ్యాండిలుతో ముగుస్తుంది. హ్యాండిలు కిందికి లాగితే అక్కడి నుంచి ముందుకు లైనంతా చచ్చిపోతుంది, కరెంటు ఉండదు. తీగ తెగిన చోటు అక్కడికి చాలా దూరం ఉండవచ్చు, చెట్ల చాటున ఉండవచ్చు. స్విచ్ దగ్గర ఉన్నవాడికి స్తంభం మీదివాడు కనబడడు, వాడి కేక వినబడదు. అందుకని మామ వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఎక్కే ప్రతి మనిషీ తన తువ్వాలు తీసి ఆ హ్యాండిలుకు ముడి వేసి పోవాలి. నలుగురు ఎక్కితే నాలుగు తువ్వాళ్లు. పని అయ్యాక ఎవరి తువ్వాలు వాళ్లే వచ్చి విప్పుకోవాలి. ఇంకొకడి ముడి మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ, ఆఫీసరుకు కూడా, హక్కు లేదు. అన్నం డబ్బాలు కూడా ఆ స్తంభానికే, చీమలు పట్టకుండా తీగ కొక్కేలకు వేలాడదీసేవాళ్లం. అందరూ తిరిగొచ్చి, తువ్వాళ్లు విప్పి, స్విచ్ వేశాకే అక్కడే కూర్చుని డబ్బాలు తెరిచేవాళ్లం.

చేరిన కొత్తలో ఒకసారి నేను పని ముగించి, ఒళ్లు వెచ్చబడిందని అడ్డదారిన నేరుగా ఇంటికి పోయాను. తువ్వాలు సంగతి మర్చిపోయాను. మామ అక్కడే కూర్చున్నాడు. నేను దిగానని, ఇంటికి పోయానని చూసినవాళ్లు వచ్చి చెప్పారు. అయినా ముడి విప్పలేదు. ఊళ్లన్నీ చీకటి పడకముందే గోల పెట్టాయి, పొలాల దగ్గర మోటార్లు ఆగిపోయాయి. ఆయన ఇంకొకరిని స్విచ్ దగ్గర కూర్చోబెట్టి, సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికి వచ్చి, దుప్పటి కప్పుకుని పడుకున్న నన్ను లేపాడు.

"లే అల్లుడా, నీ తువ్వాల నీ కోసం ఏడుస్తున్నది."

"నువ్వే విప్పరాదా మామా, జ్వరం వచ్చింది."

"నేను విప్పితే ఏమైతది? తువ్వాల ఊడతది. నువ్వు విప్పితెనే నువ్వు బతికున్నట్టు."

సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. దారి పొడుగునా జనం తిట్లు. ఒక పెద్దాయనైతే, "ఒక్క గుడ్డపేలిక కోసం ఇంత ఊరిని ఎండగడతరా" అని కర్ర ఎత్తాడు. మామ ఆయనకు నవ్వుతూ దండం పెట్టాడు. ముడి విప్పుతుంటే నాకు సిగ్గుతో ఒళ్లు మరింత కాలింది. కానీ ఆ రోజు నుంచి స్తంభం మీద నా చేతులు వణకలేదు. నా కోసం ఊరినంతా ఆపి కూర్చునే మనిషి కింద ఉన్నాడని తెలిసింది కదా.

ఆ రోజుల్లో కొమ్మ కొట్టమని మాకు ఎవరూ చెప్పేవారు కాదు. దారిలో తీగ మీదికి వాలిన వెదురు కనిపిస్తే సైకిలు ఆపి కొట్టేవాళ్లం. తీగ కింది పింగాణీ పగిలి కనిపిస్తే ఆ సాయంత్రమే మార్చేవాళ్లం. మేము గొప్పవాళ్లమని కాదు. రేపు ఆ స్తంభం ఎక్కేది మామనో, నేనో, మాలో ఇంకొకడో. ఇంటి కప్పు కారుతుంటే చూస్తూ ఊరుకోం కదా, అలాంటిదే.

తరువాత కొత్త ఏఈ సారు వచ్చాడు, ఇప్పుడు రూతు చేస్తున్న ఉద్యోగమే ఆయనది. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మాట్లాడేటప్పుడు కళ్లజోడు మాటిమాటికీ తుడుచుకునే అలవాటు. మొదటి వారంలోనే తువ్వాళ్లు చూసి మండిపడ్డాడు. "ఇది డిపార్ట్‌మెంటా, బట్టల కొట్టా?" అన్నాడు. ఇక నుంచి ఒక లైనుకు ఒకటే పర్మిట్ కాగితం, దాని మీద ఆయన సంతకం, టీము పెద్ద పేరు. ఆ కాగితం తిరిగి వస్తే స్విచ్ వేయాలి, రాకపోతే వేయకూడదు, అంతే. గుడ్డలు కట్టడం బంద్. స్విచ్ దగ్గర కూర్చుని తినడం బంద్, కరెంటు తీసి అన్నం తింటున్నారని ఊళ్లవాళ్లు పిటిషన్ పెట్టారట. జంటలు కూడా విడగొట్టాడు. మామను వయసు అయిందని స్తంభం ఎక్కనివ్వకుండా స్విచ్ కాపలాకు పెట్టాడు. నన్ను ముత్తయ్య అనే వేరే సెక్షన్ నుంచి వచ్చిన లైన్‌మన్ కింద వేశాడు. సారు జీపు మలుపు చాటున ఆపి, మేము ఏం చేస్తున్నామో చూసి, చప్పుడు లేకుండా వెనక వచ్చి నిలబడేవాడు. మెడ మీద ఎవరో ఊపిరి వదులుతున్నట్టు ఉండేది.

పని ఆగలేదు. కాగితాలు బాగా నడిచాయి. కానీ నెమ్మదిగా ఏదో చచ్చుబడింది. వాలిన వెదురును చూస్తూ సైకిలు తొక్కుకుంటూ పోవడం నేనూ నేర్చుకున్నాను. కాగితం మీద లేదు కదా. ముత్తయ్య చెడ్డవాడు కాదు, కానీ నేను ఆయన మనిషిని కాను, ఆయన నా మనిషి కాడు. ఎవరి డబ్బా వాళ్లు ఎక్కడో చెట్టు కింద విప్పుకునేవాళ్లం. మామ మాట తగ్గించేశాడు. ఒకరోజు పొద్దున గ్లోవుల్లో గాలి బిగించి వినకుండానే సంచిలో వేసుకోవడం చూశాను.

"గాలి చూడలేదేం మామా?"

"ఎక్కేటోనికి గదా గ్లోవులు. నేను స్విచ్ కాడ కూసుండేటోన్ని." సంచి భుజాన వేసుకుంటూ అన్నాడు, "చెప్పింది చేస్త అల్లుడా. అడగంది చెప్ప. నౌకరీ ఇంతే."

ఆ రెండు మాటలు నన్ను చాలా రోజులు వెంటాడాయి.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున పెద్ద గాలి వచ్చి ఒకే లైను రెండు చోట్ల తెగింది, గోదావరి వైపు ఒకటి, అడవి వైపు ఒకటి. ఏఈ సారు పర్మిట్ ముత్తయ్య పేరున రాసి, రెండూ చూసుకోమన్నాడు. ముత్తయ్య తన వాళ్లతో నది వైపు పోతూ, ఒక కోయ కూలీని తోడిచ్చి నన్ను అడవి వైపు పంపాడు. తీగను భూమికి కలిపి, పొరపాటున కరెంటు వచ్చినా మనిషిని కాపాడే కడ్డీలు ఒకటే జత ఉంటే, అవి ఆయన వెంట పోయాయి. స్విచ్ దగ్గర మామ కూర్చుని ఉన్నాడు. నేను పాత అలవాటు కొద్దీ డబ్బా అక్కడి కొక్కేనికి తగిలించాను. తువ్వాలు మీదికి చెయ్యి పోయింది, మళ్లీ దించేశాను. మామ అది చూశాడు, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం నేను స్తంభం మీద ఉన్నాను. ఒక తీగ కలిపాను. రెండోదాన్ని తాడుతో లాగి పట్టి ముడి వేస్తున్నాను. వాన వెలిసి టేకు చెట్ల తలల మీదుగా దూరాన రోడ్డు కనిపిస్తోంది. దాని మీద ఒక ట్రాక్టరు. అందులో నిచ్చెన, ముత్తయ్య మనుషులు. స్విచ్ వైపు పోతున్నారు.

వాళ్ల పని అయిపోయింది. కాగితం ఒకటే, అది వాళ్ల దగ్గర ఉంది. దాని మీద నా పేరు లేదు. హ్యాండిలు మీద నా తువ్వాలు లేదు. నేను అడ్డదారిన ముందే పోయి ఉంటానని ముత్తయ్య అనుకుంటే చాలు.

కింద కూలీని, "ఉరుకు, నేను ఇంకా మీదనే ఉన్నా అని చెప్పు" అని అరిచాను. అతను పరిగెత్తాడు, కానీ ట్రాక్టరు కంటే ముందు ఎలా పోతాడు? దిగిపోదామంటే నా చేతిలో తీగ లాగుడు మీద ఉంది. వదిలితే అది ఎగిరి నన్నే చుట్టుకుంటుంది. ముడి పూర్తి చేసి తీరాలి. ఇంతకు ముందు ఎన్నో వందల సార్లు వేసిన ముడి అది. ఆ వేళ ఎటునుంచి మొదలు పెట్టాలో మర్చిపోయాను. అమ్మ గడప మీద విసనకర్రతో కూర్చుని కనిపించింది. అంతకంటే ఎక్కువగా మామ మాట వినిపిస్తోంది: చెప్పింది చేస్త, అడగంది చెప్ప. ఆ మాట మీద నిలబడే మనిషైతే, కాగితం రాగానే స్విచ్ వేస్తాడు. ఆయన తప్పేమీ ఉండదు, రూలు ప్రకారమే వేసినట్టవుతుంది. నా ప్రాణం ఒక ముసలాయన మనసులో ఇంకా ఏమైనా మిగిలి ఉందా లేదా అన్న దాని మీద వేలాడుతోంది.

ముడి పడింది. ఎలా దిగానో తెలియదు, గడ్డం చర్మం సిమెంటుకు గీరుకుపోయింది. కాసేపు ఆ బురదలోనే కూర్చుండిపోయి, లేచి పరిగెత్తాను.

స్విచ్ దగ్గరికి వచ్చేసరికి జీపు ఉంది, ట్రాక్టరు ఉంది, నేను పంపిన కూలీతో సహా అందరూ నిలబడి ఉన్నారు. మామ ఒక్కడే స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. హ్యాండిలు కిందికే ఉంది. దానికి ఆయన ఎర్ర గళ్ల తువ్వాలు ముడి వేసి ఉంది. అంతకు ముందు జరిగింది ముత్తయ్య తరువాత నాకు చెప్పాడు. కాగితం చేతికి రాగానే ఏఈ సారు, "వెయ్యి" అన్నాడట.

"వెయ్య సార్."

"ఏంది?"

"డబ్బా ఉన్నది సార్."

"ఏం డబ్బా?"

"సామేలు డబ్బా. ఆ జ్వరం నాడు తప్ప వాడు అన్నం ముట్టకుండ ఏడికీ పోలేదు. ఆకలికి ఆగే మనిషి కాదు వాడు."

"డబ్బా చూసి లైను ఆపుతవా? సస్పెండ్ చేస్త నిన్ను."

"చెయ్యండి సార్. డబ్బా ఖాళీ అయినంక ఏస్త." ఆ మాటంటూనే మెడలోని తువ్వాలు తీసి హ్యాండిలుకు కట్టి, దాని కిందే కూర్చున్నాడట.

నన్ను చూడగానే మామ లేచాడు. నా గడ్డం మీది రక్తం తన చేత్తో తుడిచి, "అన్నం తిందాం పా" అన్నాడు. అంతే. ఏఈ సారు కళ్లజోడు తీసి తుడుచుకోబోయాడు. అది జారి కింద పడింది, తీసుకోలేదు. జీపు మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎవరితోనో కాదు, నేలతో అన్నట్టు చెప్పాడు. ఇంతకు ముందు పనిచేసిన చోట ఇద్దరు స్నేహితులు, నోటిమాట మీదే లైను ఆపుకుని పని చేశారు. కిందివాడు పొరపాటున స్విచ్ వేశాడు. "మీదోన్ని నేనే జీపుల ఎక్కించిన" అన్నాడు. "కాగితం ఉంటే గట్ల కాదనుకున్న." మామ రొట్టె తుంచి సగం ఆయనకు ఇచ్చాడు. ఆయన తినలేదు, చేతిలో పట్టుకునే కూర్చున్నాడు.

అంతకాలం మేము ఆయన్ని గర్వం ఉన్న మనిషి అనుకున్నాం. భయపడుతున్న మనిషి అని ఆ రోజు తెలిసింది. తువ్వాళ్లు కట్టండని ఆయన ఎప్పుడూ ఆర్డరు ఇవ్వలేదు. వద్దని కూడా మళ్లీ అనలేదు. కాగితం పద్ధతి పోలేదు, పోకూడదు కూడా. దాని పక్కనే మా ముడులూ ఉండేవి. నన్ను మళ్లీ మామ దగ్గర వేశాడు. మర్నాడు పొద్దున మామ గ్లోవు అంచు చుట్టి గాలి బిగించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తరువాత నా వైపు చెయ్యి చాచి, "నీయి తే" అన్నాడు. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది.

ఇదంతా చెప్పేసరికి రూతు కంచంలో అన్నం ఎండిపోయింది. అప్పుడే కిటికీ రెక్క కొట్టుకుంది. పడమటి దిక్కున ఆకాశం మసిగుడ్డలా అయింది. వెంటనే దాని ఫోను మోగడం మొదలు. లైను పోయింది, మనుషులు బయలుదేరారు. అది లేచి కారు తాళాలు తీసుకుంది. నేను చెప్పులు వేసుకున్నాను.

"నువ్వెందుకు నాన్న, వానల?"

"ఇంట్ల కూసుంటే నాకు ఇంకా కష్టం బిడ్డా" అన్నాను.

దారంతా విరిగిన కొమ్మలే. సగం దూరం పోయాక గాలి తగ్గింది. లైన్ ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. రూతు స్పీకరులో పెట్టింది.

"మేడమ్, పని అయిపోయింది. ఫోటో గూడ పెట్టిన్రు. ఊళ్లకెళ్లి ఒకటే ఫోన్లు. స్విచ్ ఏసి లైను ఛార్జ్ చెయ్యమంటరా?"

"ఇద్దరూ దిగిన్రా?"

"ఒకడు నా పక్కన్నే ఉన్నడు. శ్రీను బండి కాడ ఉన్నట్టు చూపిస్తున్నది మేడమ్."

రూతు మ్యాపు చూసింది. నీలం చుక్క రోడ్డు పక్కన కదలకుండా ఉంది. "ఫోన్ ఎత్తుతున్నడా?"

"లేదు మేడమ్. వాన కదా, లోపల పెట్టుకున్నడేమో."

అది ఒకసారి నా వైపు చూసింది. "శ్రీను అన్నం తిన్నడా?"

ఆయన అక్కడున్న రెండోవాణ్ణి అడగడం వినబడింది. తరువాత చిన్న గొంతుతో అన్నాడు, "తెల్వదు మేడమ్. ఈ వారమే వీళ్లిద్దర్ని కలిపిన్రు గదా. ఎవనిది వాడే తింటున్నడంట."

"ఎవ్వరూ ముట్టొద్దు. నేను వస్తున్న" అంది. కారు వేగం పెంచింది.

శ్రీను బండి రోడ్డు పక్కనే ఉంది. డిక్కీలో ఫోను మోగుతూనే ఉంది. మనిషి లేడు. రూతు అడవి వైపు తిరిగి పేరు పెట్టి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. మూడోసారి దాని గొంతు కేకలా కాదు, ఏడుపులా వచ్చింది. అప్పుడు చెట్లలోంచి, నడుముకు బెల్టు, భుజం మీద కత్తి, నెత్తి నిండా ఆకులతో ఒక మనిషి వచ్చాడు. ముప్పయి ఏళ్లుంటాయేమో. రూతును చూడగానే దొంగతనం చేస్తూ దొరికినట్టు నిలబడిపోయాడు.

"ఏడికి పోయినవ్ శ్రీనూ?"

"అవతలి పోలు మీదికి మేడమ్. పెద్ద కొమ్మ ఉండె. మళ్ల గాలొస్తే అదే తీగ మీద పడతది. రేపు ఎవడో ఒకడు ఎక్కాలె గదా."

"ఫోన్?"

అతను తల దించుకున్నాడు. "డిక్కీల పెట్టి పోయిన. యాప్‌ల లేని కాడికి పోతే మీకు చుక్క కనపడతది. మళ్ల మెమో ఇస్తరని."

అవతలి స్తంభం మీది తీగ అదే లైను. ఇంకొంచెం ముందు మా అమ్మాయి నోట "సరే" అన్న మాట వచ్చి ఉంటే, ఇతను ఆకుల మధ్య ఉండగానే... మా కాలంలో సారు మమ్మల్ని చెట్టు చాటు నుంచి చూసేవాడు, మేము మంచి పనులు మానేశాం. ఈ కాలంలో ఆకాశంలోంచి చూస్తున్నారు. వీళ్లలో కొందరు మంచి పని మానలేక, దాన్ని దాచుకుని చేస్తున్నారు. రెండోది మరీ భయంకరమని ఆ రోడ్డు మీద నిలబడి నాకనిపించింది.

రూతు అతన్ని తిట్టలేదు. "అన్నం తిన్నవా?" అని అడిగింది. లేదన్నాడు. స్విచ్ దగ్గరికి మేమంతా కలిసి నడిచాం. లైన్ ఇన్‌స్పెక్టరు హ్యాండిలు మీద చెయ్యి వెయ్యబోతే రూతు ఆపింది. "శ్రీను ఏస్తడు. మీద ఉన్నది తను. అయిందని తనే చెప్పాలె." అతను మా ముఖాలన్నీ ఒకసారి చూసి, "అయింది మేడమ్" అన్నాడు. హ్యాండిలు పైకి ఎత్తాడు. దూరంగా ఊళ్లో కేక వినబడింది.

ఒక్క రోజుతో అన్నీ మారిపోలేదు. చుక్కల యాప్ ఇంకా ఉంది. అది పైనుంచి వచ్చింది, తీసేసే అధికారం రూతుకు లేదు. జంటలు మాత్రం మళ్లీ మునుపటిలా వేసిందట. వారం వారం మార్చడం మానేసింది. వాళ్లు దాన్ని నమ్మడానికి ఇంకా కాలం పడుతుంది. నమ్మకం పోయినంత తొందరగా రాదని నాకు తెలుసు. మీద ఎవరో ఉండగా స్విచ్ పడుతుందేమోనన్న భయం నాకు తగ్గలేదు, పెరిగింది. మామ పోయి చాలాకాలమైంది. ఆయన లాంటి మనిషి ప్రతి స్విచ్ దగ్గరా కూర్చుని ఉండడు.

ఇది రాస్తుంటే ఇందాక గాలి లేచింది. కరెంటు పోయింది. కాసేపటి క్రితం వచ్చింది. వీధిలో పిల్లలు కేక పెట్టారు. నేను ఫ్యాను వెయ్యలేదు. కాగితం మీద చెమట చుక్కలు పడుతున్నా తువ్వాలుతో తుడుచుకుంటూ కూర్చున్నాను. అమ్మ చాదస్తం నాకు వచ్చిందని నవ్వుకుందామనుకున్నాను గానీ నవ్వు రాలేదు.

ఇప్పుడే ఫోను మోగింది. రూతు. ఎలా ఉన్నావనీ అడగలేదు, వానెంత పడిందనీ అడగలేదు.

"అందరూ తిన్నరు నాన్న" అంది.

లేచి ఫ్యాను వేశాను.